సూర్యాస్తమయం ఫోటో ఒక్కో తెర మీద ఒక్కోలా ఎందుకు కనిపిస్తుంది?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. ట్యాంక్‌బండ్ మీద నిలబడి, హుస్సేన్‌సాగర్ అవతల దిగుతున్న సూర్యుణ్ణి, ముందు బుద్ధ విగ్రహం నల్లటి ఆకారంగా వచ్చేట్టు తీశారు. ల్యాప్‌టాప్‌లో లైట్‌రూమ్ (ఫోటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్) తెరిచి రాత్రి కూర్చుని రంగులు సరిచేశారు. అక్కడ అద్భుతంగా ఉంది. ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడితే ఆకాశంలో చారలు వచ్చాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో మొత్తం చీకటిగా ఉంది. మీ అన్నయ్య తన ఫోన్‌లో చూసి "ఇంత ఎర్రగా ఎక్కడుంటుందిరా, ఫిల్టర్ వేశావా" అన్నారు. సూర్యుడి చుట్టూ అప్పుడు లేని పసుపు వలయం ఒకటి ఉంది. ఫోన్‌తో తీసిన మరో ఫోటో గ్యాలరీలో వెలిగిపోతోంది, పంపగానే ఆరిపోతోంది. ఖచ్చితమైన రంగు కావాలి, కాలిబ్రేటర్ (తెర రంగులను కొలిచి సరిచేసే పరికరం) కొంటే ఇవన్నీ తీరతాయా అని అడిగారు.

తీరవు. ఎందుకంటే ఇవన్నీ ఒకే సమస్య కాదు. కొన్ని చోట్ల ఫైలులోని అంకెలే మారాయి. కొన్ని చోట్ల అంకెలు అవే, చూపించే తెర వేరు. ఈ రెంటినీ విడదీయకుండా స్లయిడర్లు జరుపుతూ కూర్చుంటే ఒక తెరకు సరిపోయింది ఇంకో తెరకు చెడుతూనే ఉంటుంది.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. లైట్‌రూమ్ నుంచి బయటికి తీసిన జేపెగ్‌ను మీ ఫోన్‌కే వాట్సాప్‌లో రెండుసార్లు పంపుకోండి. ఒకసారి మామూలు ఫోటోగా, ఒకసారి డాక్యుమెంట్‌గా. డాక్యుమెంట్‌గా వెళ్లిన ఫైలును వాట్సాప్ ముట్టుకోదు, ఉన్నదున్నట్టు వస్తుంది. రెంటినీ అదే ఫోన్‌లో, అదే బ్రైట్‌నెస్‌లో మార్చి మార్చి చూడండి. రెండూ రంగులో ఒకేలా ఉంటే దారిలో ఎవరూ పాడు చేయలేదు, మీ ల్యాప్‌టాపే మీకు వేరేది చూపించింది. రెంటి రంగూ వేరుగా ఉంటే ప్రొఫైల్ దగ్గర, అంటే ఫైలులోని అంకెలకు ఏ రంగో చెప్పే సమాచారం దగ్గర తేడా జరిగింది. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే చారలు తప్ప మిగతా రంగంతా ఒకేలా ఉంటుందని నా అంచనా. కాబట్టి ల్యాప్‌టాప్‌తోనే మొదలుపెడతాను.

బడ్జెట్ ల్యాప్‌టాపుల స్పెసిఫికేషన్‌లో తెర దగ్గర "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ దుకాణాలకు వెళ్లి అడిగితే ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి గడగడా చెప్తారు, ఈ లైను మాత్రం మనమే వెతుక్కోవాలి. ఎన్‌టీఎస్‌సీ పాత టీవీ రంగుల ప్రమాణం. అందులో 45 శాతం అంటే ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో మామూలుగా వాడే రంగుల ప్రమాణం) రంగుల్లో దాదాపు 60 నుంచి 65 శాతమే ఆ తెర చూపించగలదు. ఎక్కువగా నష్టపోయేవాటిలో ఎరుపూ నారింజా ఉంటాయి, అంటే సూర్యాస్తమయానికి కావాల్సినవే. అలాంటి తెర మీద మంచి నారింజ కూడా ఇటుక రంగులా చప్పగా ఉంటుంది. జలుబు చేసినవాడు కూర వండితే కారం ఎక్కువేసినట్టు, మీరు రంగు చిక్కదనాన్ని పెంచే శాచురేషన్, వైబ్రెన్స్ స్లయిడర్లు పెంచుతారు. ఆ తెర మీద అప్పటికి సరిపోతుంది. అదే ఫైలు మీ అన్నయ్య ఫోన్‌లోని అమోలెడ్ తెర మీదకు వెళ్తే, అదీ "వివిడ్" మోడ్‌లో ఉంటే, మంట పెట్టినట్టు కనిపిస్తుంది. ఆయన తప్పేమీ అనలేదు. ఆయన ఫోన్ కొంచెం పెంచి చూపిస్తోంది, మీ ల్యాప్‌టాప్ బాగా తగ్గించి చూపించింది, మధ్యలో ఫోటో నలిగిపోయింది.

ఇదే ల్యాప్‌టాప్‌లో ఇంకో నాలుగైదు దొంగలుంటాయి. నైట్ లైట్ సాయంత్రం దానంతటదే మొదలై తెరను పసుపు చేస్తుంది, మీరు ఆ పసుపును విరగ్గొట్టడానికి ఫోటోను నీలం వైపు లాగుతారు. సూర్యాస్తమయాలను చాలామంది రాత్రి భోజనాలయ్యాకే ఎడిట్ చేస్తారు కాబట్టి ఇది మరీ తరచుగా జరుగుతుంది. ఐఫోన్‌లో ఎడిట్ చేసేవాళ్లయితే ట్రూ టోన్, నైట్ షిఫ్ట్ రెండూ ఆపాలి. విండోస్ 11 డిస్‌ప్లే సెట్టింగుల్లో, తెర మీద ఉన్నదాన్ని బట్టి బ్రైట్‌నెస్ మార్చే ఆప్షన్ ఒకటి కొన్ని ల్యాప్‌టాపుల్లో ఉంటుంది. బ్యాటరీ మిగల్చడం కోసం పెట్టింది. నల్లటి విగ్రహం, చీకటి నీళ్లు ఉన్న ఫోటో తెరవగానే అది తెరను చిన్నగా సర్దుతుంది, మీకు తెలియకుండానే మీరు దాంతో కుస్తీ పడుతుంటారు. దాన్ని ఆపేయండి. తెర వంపు కూడా చూసుకోండి. చౌక తెరల్లో మూత అంగుళం వెనక్కి వంచితే నీడలన్నీ మారిపోతాయి.

ఇక ఇన్‌స్టాగ్రామ్‌లో చీకటిగా ఉందన్న ఫిర్యాదు. ఇది రంగు సమస్య కాదు, దీన్ని ఏ ప్రొఫైలూ తీర్చలేదు. ఫైలు తన రంగులకు అర్థం చెప్పగలదు గానీ, "నన్ను ఇంత వెలుగుతో చూపించు" అని మామూలు జేపెగ్ ఏ తెరకూ చెప్పలేదు. 255 అనే అంకెకు, అంటే ఫైలులోని అత్యధిక విలువకు, ఆ తెర ఆ క్షణంలో ఎంత వెలుగివ్వగలిగితే అంతే. ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణాన్ని 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించినప్పుడు అనుకున్న తెర వెలుగు 80 నిట్లు (నిట్ అంటే తెర వెలుగుకు కొలత). ఇప్పుడు ల్యాప్‌టాప్ తెర ఫుల్‌లో పెడితే 250, 300 నిట్లు ఉంటుంది. మంచి ఫోన్ ఎండలో 1,000 దాటుతుంది. చీకటి గదిలో 300 నిట్ల తెర ముందు కూర్చుంటే ప్రతి ఫోటో ఎక్కువ వెలుగున్నట్టే అనిపిస్తుంది, చేయి తెలియకుండానే ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది. ఆ ఫోటోను మర్నాడు మధ్యాహ్నం మెట్రోలో, సగం బ్రైట్‌నెస్‌లో చూసినవాడికి విగ్రహమూ కనపడదు, నీళ్లూ కనపడవు.

ఎడిటింగ్‌కు 80 నుంచి 120 నిట్ల మధ్య పెట్టుకోమంటారు. కొలిచే పరికరం లేకపోయినా దగ్గరికి రావచ్చు. గదిలో మామూలు లైటు వేసి ఉంచండి. ఒక తెల్ల కాగితాన్ని తెర పక్కన, ఆ లైటు పడేలా పట్టుకోండి. తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. రెండూ సుమారుగా ఒకే వెలుగులో ఉన్నట్టు అనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. మొదట్లో తెర చచ్చిపోయినట్టు ఉంటుంది, పది నిమిషాల్లో కన్ను అలవాటు పడుతుంది. ఆ స్థాయి ఎక్కడో గుర్తుపెట్టుకుని ప్రతిసారీ అక్కడే పెట్టండి.

లైట్‌రూమ్ నేపథ్యం ముదురు బూడిద రంగులో ఉంటుంది. ముదురు నేపథ్యం మధ్య ఏ ఫోటో అయినా వెలుగుగా కనిపిస్తుంది. అదే ఫోటో తెల్లటి వెబ్ పేజీలో పడగానే నల్లబడినట్టు ఉంటుంది. డెవలప్ మాడ్యూల్‌లో ఫోటో బయట ఖాళీ జాగా మీద రైట్ క్లిక్ చేసి నేపథ్యాన్ని తెలుపుకు మార్చి ఒకసారి చూడండి. చాలా సూర్యాస్తమయాలకు నీడలు కొంచెం పెంచాలని అక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, పసుపు వలయం. మీ ఫోటోలో తెర తప్పేమీ లేకుండా, నిజంగానే ఫైలులో చెడింది ఇదొక్కటే.

తెర మీద ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసి తయారవుతుంది. ఎస్‌ఆర్‌జీబీలో తెలుపు వెలుగును 100 అనుకుంటే అందులో ఎరుపు వాటా 21, ఆకుపచ్చ వాటా 72, నీలం వాటా 7. అంటే ఎరుపును పూర్తిగా 255కి నింపి మిగతావి సున్నా చేస్తే వచ్చే వెలుగు తెలుపులో అయిదో వంతే. ఎరుపూ ఆకుపచ్చా రెండూ నింపితే వచ్చే పసుపు వెలుగు 93. మధ్యలో మంచి నారింజ, అంటే 255, 128, 0, వెలుగు 37 దగ్గరే ఆగిపోతుంది. ముదురు నారింజకు తెర మీద అంతకంటే వెలుగు లేదు. ఎవరెంత స్లయిడర్ జరిపినా లేదు. దాన్ని ఇంకా ప్రకాశవంతంగా చూపించాలని పట్టుబడితే దారి ఒకటే, ఆకుపచ్చ కలపడం. ఆకుపచ్చ కలిస్తే నారింజ పసుపవుతుంది. ఇంకా పెంచితే నీలం కూడా చేరి తెలుపవుతుంది. కాబట్టి నారింజ నారింజగానే ఉండాలంటే దాన్ని కొంత చీకటిగా ఉండనివ్వాలి. సూర్యాస్తమయం ఫోటోలో రంగునూ వెలుగునూ విడివిడిగా సరిచేయలేకపోవడానికి కారణం ఇదే.

కెమెరాలోనూ ఇదే కథ. సూర్యుడి పక్కన ఆకాశంలో ఎరుపు, ఆకుపచ్చకు రెండింతలుందనుకోండి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచితే, అంటే వెలుగును రెట్టింపు చేస్తే, మూడు చానళ్లూ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) రెట్టింపవ్వాలి. ఎరుపు అప్పటికే నిండిపోయింది, అక్కడే ఆగుతుంది. ఆకుపచ్చ మాత్రం ఎదిగి దాన్ని అందుకుంటుంది. రెండూ సమానమైతే పసుపు. సూర్యబింబం దగ్గర మూడూ నిండి తెలుపు, దూరంగా ఏదీ నిండక నారింజ, మధ్యలో ఎరుపు ఒక్కటే నిండిన చోట ఈ పసుపు వలయం. ఆ ఆకాశంలో ఆ వలయం లేదు, అది సెన్సర్ కల్పించింది.

మరి హిస్టోగ్రామ్ (ఫోటోలో ఏ వెలుగు ఎంత ఉందో చూపించే గ్రాఫ్, కుడి అంచు అంటే నిండిపోయినట్టు) చూశాను, కుడి అంచుకు తగల్లేదు అని కూడా రాశారు. మీరు చూసింది తెల్లటి గీతతో వచ్చే ప్రకాశం హిస్టోగ్రామ్ అయి ఉంటుంది. అందులో ఆకుపచ్చదే పెత్తనం, ఎరుపు వాటా మూడో వంతు కూడా ఉండదు. ఎరుపు పూర్తిగా నిండి పొర్లిపోయినా అది ప్రశాంతంగా మధ్యలో కూర్చుంటుంది. కెమెరా మెనూలో మూడు రంగులకూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకోండి, ఎరుపు దాన్నే చూడండి. ఇంకో మాట. రా ఫార్మాట్‌లో (సెన్సర్ సమాచారాన్ని జేపెగ్ చేయకుండా దాచే ఫైలు) తీసినా కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్ దాని సొంత జేపెగ్ నుంచి వస్తుంది. పిక్చర్ స్టయిల్ "వివిడ్"లో ఉంటే ఎరుపు నిజంగా నిండకముందే నిండినట్టు, "న్యూట్రల్"లో ఉంటే వాస్తవానికి దగ్గరగా చూపిస్తుంది.

తీసేటప్పుడు నేను చేసేది ఇంతే. రా ఫార్మాట్, న్యూట్రల్ స్టయిల్. సూర్యుడి మీద కాకుండా పక్కనున్న ఆకాశం మీద స్పాట్ మీటరింగ్, అంటే ఆ చిన్న చోటి వెలుగునే కొలవడం. అక్కణ్ణుంచి ఎరుపు హిస్టోగ్రామ్ అంచుకు తగలనంతవరకు తగ్గించడం, సాధారణంగా ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు. సూర్యబింబం తెల్లగా పోతే పోనివ్వండి. క్షితిజం దగ్గర సూర్యుడి ప్రకాశానికి పుస్తకాల్లో సుమారు 6 లక్షల నిట్లని ఇస్తారు, మీ తెర ఇచ్చేది వంద. ఆ పోటీలో గెలిచేవాళ్లు లేరు. కాపాడుకోవాల్సింది సూర్యుణ్ణి కాదు, చుట్టూ ఉన్న నారింజ నుంచి ఊదా దాకా వెళ్లే మెట్లను. నీడలను తర్వాత రాలోంచి పైకి లాగొచ్చు, 14 బిట్ల ఫైలులో చానల్‌కు 16,384 మెట్లుంటాయి. నిండిపోయిన ఎరుపును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు, తెచ్చినట్టు నటిస్తుంది. మన హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశంలో ఉంది కాబట్టి సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు. అడుగు అంచు క్షితిజాన్ని తాకాక మొత్తం మునగడానికి రెండున్నర నిమిషాలు పట్టడమే గొప్ప. అంత తక్కువ వ్యవధిలో మెనూలు వెతుక్కోలేం, ఈ సెట్టింగులన్నీ ముందే పెట్టి ఉంచుకోవాలి.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి. ఆటోకు ఉన్న పనే వెలుగులోని రంగును తటస్థం చేయడం. సూర్యాస్తమయంలో అది మీకు కావాల్సిందాన్నే తుడిచేస్తుంది, పైగా ఒక్కో ఫ్రేముకు ఒక్కోలా. డేలైట్‌లో పెట్టండి, అంటే 5,200 నుంచి 5,500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎర్రన). మధ్యాహ్నపు వెలుగును తెలుపుగా తీసుకుంటే సాయంత్రపు వెలుగు దానికంటే ఎంత ఎర్రగా ఉందో ఫోటోలో మిగులుతుంది. నెక్లెస్ రోడ్డు వైపు నుంచి, వెలుగు మీద పడుతున్న బుద్ధుణ్ణి తీసినప్పుడు కొందరు తెల్ల గ్రానైట్ కదా అని వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌తో విగ్రహం మీద నొక్కుతారు. నొక్కగానే విగ్రహం తెల్లబడుతుంది, సాయంత్రం ఆరు కాస్తా పగలు పన్నెండవుతుంది. ఆ రాయి తెల్లదే, ఆ వేళ దాని మీద పడే వెలుగు తెల్లది కాదు.

ఎడిటింగ్‌లో సూర్యుడి చుట్టూ రంగు పలుచగా ఉందనిపిస్తే శాచురేషన్ జోలికి పోకండి. హైలైట్స్ తగ్గించండి, తర్వాత ఒక్కో రంగును విడిగా సరిచేసే హెచ్‌ఎస్‌ఎల్ ప్యానెల్‌లో నారింజ, పసుపు రంగుల ల్యూమినెన్స్ (వెలుగు) కొద్దిగా దించండి. పైన చెప్పిన లెక్క ప్రకారమే వెలుగు తగ్గేకొద్దీ రంగు దానంతటదే చిక్కబడుతుంది. మసకను తీసేసే డీహేజ్ స్లయిడర్ విషయంలో నాకు కొంచెం కోపముంది. అది కాంట్రాస్టునూ శాచురేషన్‌నూ కలిపి లాగుతుంది, విగ్రహం అంచున తెల్ల గీత వస్తుంది, ఆకాశం తుపాను ముందులా తయారవుతుంది. మే నెలలో మన ఆకాశం నిజంగానే పాలిపోయి ఉంటుంది. దుమ్ము కణాలు వెలుగు తరంగాల కంటే పెద్దవి, అవి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి, అందుకే క్షితిజం దగ్గర నారింజ బదులు మట్టి కలిసిన తెలుపు. వానలు కడిగాక సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే ఎరుపు వేరు. మే నెల ఫోటోను అక్టోబరు ఫోటోలా చేయాలనుకుంటే చేయండి, లైకులు వస్తాయి. కానీ ఖచ్చితమైన రంగు కావాలని మీరే అడిగారు కాబట్టి చెప్తున్నాను.

ఇక కలర్ స్పేస్, అంటే ఫైలు చూపించగల రంగుల పరిధి. పటం మీద దాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూలలున్న త్రిభుజంగా గీస్తారు. మీరు ఎక్స్‌పోర్ట్‌లో అడోబీ ఆర్‌జీబీ పెట్టానని రాశారు, పెద్దది కాబట్టి మంచిదని ఎవరో చెప్పారట. సూర్యాస్తమయానికి దాంతో లాభం చాలా తక్కువ. 1998లో వచ్చిన ఆ స్పేస్‌లో ఎరుపు మూల ఎస్‌ఆర్‌జీబీ ఎరుపు మూలే. అది పెరిగిందంతా ఆకుపచ్చ, సియాన్ వైపు. వరిపొలాలకు, సముద్రానికి పనికొస్తుంది. మన సాయంత్రానికి నిజంగా చోటు పెంచేది డిస్‌ప్లే పీ3, దాని ఎరుపు మూల ఇంకా లోతుగా ఉంటుంది. లెక్కగా చెప్పాలంటే 2,000 కెల్విన్ల వెలుగు రంగు ఎస్‌ఆర్‌జీబీ త్రిభుజంలో అంచుకు ఆనుకుని లోపల ఉంటుంది. 1,500 కెల్విన్ల దగ్గరికి దిగితే దాన్ని దాటి బయటపడుతుంది, పీ3లో మాత్రం ఇంకా లోపలే. ఐఫోన్లు 2016 నుంచి పీ3లోనే ఫోటోలు తీస్తున్నాయి.

అయినా మీకు నా సలహా ఎస్‌ఆర్‌జీబీయే. కారణం తెరలు కాదు, దారిలో ఉన్న అప్‌లోడ్ యంత్రాలు. కొన్ని సైట్లు ఫోటోను చిన్నది చేసేటప్పుడు లోపలున్న ప్రొఫైల్‌ను పారేస్తాయి. ప్రొఫైల్ లేని ఫైలును చూసిన బ్రౌజర్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటుంది. అడోబీ ఆర్‌జీబీ అంకెలను అలా చదివితే రంగు చప్పబడుతుంది, పీ3 అంకెలను చదివినా అంతే. ఎస్‌ఆర్‌జీబీ ఫైలుకు ఆ భయం లేదు, ప్రొఫైల్ పోయినా అర్థం మారదు. ఫోటోషాప్‌లో చేసేవాళ్లు "కన్వర్ట్ టు ప్రొఫైల్" వాడాలి, "అసైన్ ప్రొఫైల్" కాదు. మొదటిది రంగును నిలబెట్టి అంకెలను మారుస్తుంది, రెండోది అంకెలను వదిలేసి రంగును మార్చేస్తుంది. పేర్లు పక్కపక్కనే ఉండటం వల్ల ఎంతమంది ఫోటోలు చెడ్డాయో.

మార్చేటప్పుడు "పర్సెప్చువల్" పెట్టుకుంటే బయటి రంగులు మెత్తగా లోపలికి సర్దుకుంటాయని చాలా చోట్ల చదువుతారు. మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌కు అది వర్తించదు. అందులో ఉండేది మాట్రిక్స్ అనే చిన్న లెక్క మాత్రమే, అలా సర్దే పట్టికలు ఉండవు. మీరు ఏది ఎంచుకున్నా బయట ఉన్నదాన్ని అంచు దగ్గర కత్తిరిస్తుంది. నాలుగు రకాల ఎరుపులు ఒకే ఎరుపై, సూర్యుడి కింద నీళ్లలో ముద్దలా కనిపించేది ఇందువల్లే. కాబట్టి సర్దడం మనమే చేయాలి. లైట్‌రూమ్ డెవలప్‌లో ఎస్ కీ నొక్కితే సాఫ్ట్ ప్రూఫింగ్ వస్తుంది, అంటే ఎంచుకున్న ప్రొఫైల్‌లో ఫోటో ఎలా ఉంటుందో ముందే చూపిస్తుంది. ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీ పెట్టి, హిస్టోగ్రామ్ మూలనున్న గ్యామట్ హెచ్చరిక (ఆ పరిధిలో ఇమడని రంగులను చూపించేది) ఆన్ చేయండి. ఎర్రగా గుర్తుపెట్టి చూపించిన చోట ఎరుపు, నారింజల శాచురేషన్ కొంచెం, ల్యూమినెన్స్ కొంచెం తగ్గించండి. ఆ గుర్తులు మొత్తం పోవాల్సిన పనిలేదు, పెద్ద ప్రాంతాలు విడిపోతే చాలు. దుర్గం చెరువు తీగల వంతెన ఫ్రేములో ఉంటే అక్కడి రంగు లైట్ల నీలం, ఊదా కూడా హెచ్చరికలో వెలుగుతాయి. వాటిని వదిలేయండి, ఎల్‌ఈడీ నీలం ఎస్‌ఆర్‌జీబీలో ఎప్పుడూ ఇమడదు.

పంపే సంగతి త్వరగా చెప్పేస్తాను. వాట్సాప్ మామూలు ఫోటోను బాగా కుదిస్తుంది, మీకు వచ్చిన చారలు అక్కడివే. ఆకాశంలాంటి నున్నటి చోట 8 బిట్ల జేపెగ్‌లో చానల్‌కు ఉన్న 256 మెట్లే అంతంతమాత్రం, కుదింపులో వాటిలోనూ కొన్ని కలిసిపోతాయి. పైగా జేపెగ్ కుదింపులో రంగు వివరాన్ని వెలుగు వివరం కంటే తక్కువ రిజల్యూషన్‌లో దాచడం మామూలు, ఎర్రటి ఆకాశం మీద నల్లటి విగ్రహం అంచు మసకగా రావడానికి అదే కారణం. 2023లో వచ్చిన హెచ్‌డీ బటన్ నొక్కితే మెరుగు. నిజంగా పట్టించుకునే మనిషికైతే డాక్యుమెంట్‌గానే పంపండి. ఇన్‌స్టాగ్రామ్‌కు 1,080 పిక్సెళ్ల వెడల్పుకు మీరే తగ్గించి పెట్టండి, నిలువు ఫోటో అయితే 1,080కి 1,350, నాణ్యత 80, 85 దగ్గర. తగ్గించే పని వాళ్లకు వదిలితే వాళ్ల పద్ధతిలో చేస్తారు. ఎక్స్‌పోర్ట్‌కు ముందు లైట్‌రూమ్‌లో గ్రెయిన్ (సన్నటి రేణువులు) చిటికెడు వేస్తే ఆకాశంలో చారలు చాలావరకు దాగుతాయి. ఫోటోషాప్‌లో పని చేస్తే చివరిదాకా 16 బిట్లలోనే ఉంచండి.

ఫోన్‌లో వెలిగి పంపగానే ఆరిపోయే ఫోటో కథ పూర్తిగా వేరు. అది హెచ్‌డీఆర్ ఫోటో, అంటే మామూలు తెలుపును మించిన వెలుగును కూడా దాచుకున్న ఫోటో. ఇప్పటి ఐఫోన్లు, ఆండ్రాయిడ్ 14 నుంచి వచ్చిన అల్ట్రా హెచ్‌డీఆర్ ఫోన్లు మామూలు ఫోటోతో పాటు గెయిన్ మ్యాప్ అనే చిన్న బూడిద రంగు బొమ్మను అదే ఫైలులో దాస్తాయి. ఎక్కడెక్కడ తెలుపును మించి వెలగాలో అది చెప్తుంది. మీ గ్యాలరీ దాన్ని చదివి సూర్యుడి దగ్గర తెరను నిజంగానే ఎక్కువ వెలిగిస్తుంది. పైన నారింజ వెలుగు 37 దాటదన్నాను చూడండి, ఆ హద్దును నిజంగా దాటగలిగేది ఇదొక్కటే, తెలుపు కంటే పైన తెరకు ఇంకా చోటుంటే నారింజ చిక్కదనం పోకుండానే వెలగొచ్చు. కానీ దారిలో ఏ యాప్ అయినా ఫోటోను తిరిగి కుదిస్తే గెయిన్ మ్యాప్ పోయి, అడుగున ఉన్న మామూలు ఫోటో ఒక్కటే మిగులుతుంది. అదే మీకు ఆరిపోయినట్టు కనిపించింది. ఎండలో ఫోన్ ఇప్పటికే ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఉంటే, మ్యాప్ ఉన్నా వెలగడానికి పైన చోటుండదు. కాబట్టి ఫోన్ ఫోటోను ఎడిట్ చేసేముందు హెచ్‌డీఆర్ చూపించడాన్ని ఆపి, మామూలు రూపం ఎలా ఉందో చూసి దాన్నే సరిచేయండి. ఎక్కువమంది చూసేది దాన్నే.

అన్నయ్య ఫోన్ శాంసంగ్ అయితే సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, స్క్రీన్ మోడ్‌కు వెళ్లి "న్యాచురల్" పెట్టి అదే ఫోటో మళ్లీ చూపించండి. ఆయన ఫోన్ మార్చుకోవాలని కాదు, మీ ఫైలులో ఎరుపు నిజంగా ఎంత ఎక్కువైందో మీకు తెలియడానికి. న్యాచురల్‌లో ఉన్న మంచి ఫోన్ తెర ఎస్‌ఆర్‌జీబీ ఫోటోలకు మీ ల్యాప్‌టాప్ కంటే చాలా నమ్మకమైన సాక్షి. ప్రస్తుతానికి తుది పరీక్ష అక్కడే చేయండి, బ్రైట్‌నెస్ సగం దగ్గర పెట్టి, ఇంట్లో పగటి వెలుగులో.

కాలిబ్రేటర్ మాట. మీ ల్యాప్‌టాప్ తెర 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అయితే ఇప్పుడే కొనకండి. కాలిబ్రేటర్ తెరలో ఉన్న రంగులను సరిగ్గా నిలబెడుతుంది గానీ లేని ఎరుపును పుట్టించలేదు. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ చూపించే ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం) మానిటర్ తీసుకోండి, 24 అంగుళాలు చాలు, 4కే అక్కర్లేదు. అది వచ్చాక కాలిబ్రేటర్ స్పైడర్ కంపెనీదైనా క్యాలిబ్రైట్ కంపెనీదైనా, అందులో కింది స్థాయి మోడల్ మీ పనికి సరిపోతుంది. లక్ష్యాలు డీ65 (పగటి వెలుగు) తెలుపు, గామా (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు పెరిగే తీరు) 2.2, వెలుగు 100 నిట్లు. నెలకోసారి వాడే వస్తువు, నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కుని చేతులు మార్చుకోవచ్చు. మానిటర్ కొనేముందు మీ ల్యాప్‌టాప్ మోడల్ నంబరూ, పసుపు వలయం వచ్చిన ఆ రా ఫైలూ పెట్టండి. ఎరుపు ఎంత దూరం నిండిపోయిందో చూసి, దాన్ని కాపాడొచ్చో లేదో చెప్తాను.